పాత బడికి కొత్త పని

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడిపంతులుకు పీరియడంటే నలభై నిమిషాలు గనుక పది నిమిషాల్లో ముగించడం నాకు చేతగాని విద్య. ఇంకొక సంగతి కూడా ముందే మనవి చేసుకుంటాను. నేను ఉర్దూలో చదివి ఉర్దూలో పాఠం చెప్పేవాణ్ణి. తెలుగు నాకు కర్నూలు వీధుల్లో అబ్బింది. తప్పులుంటే సావనీరులో వేసేటప్పుడు దిద్దుతామని కార్యదర్శిగారు అన్నారు గాబట్టి ధైర్యం చేస్తున్నాను.

మన పాత ఉర్దూ బడి భవనం సంగతి మీకందరికీ తెలిసిందే. నాలుగు గదులు, ముందు వసారా, వీధి వైపు అరుగు, వెనక పెరట్లో బావి. మనలో సగం మంది అలిఫ్ బే నేర్చుకున్నది ఆ గదుల్లోనే. 2013లో బడి కొత్త భవనానికి మారింది. అప్పట్నుంచి ఆ నాలుగు గదుల్లో ఉన్నది పెళ్లిళ్ల డేగ్‌లు, చిరిగిన చాపలు, పావురాలు. పోయిన సంవత్సరం ఇదే సభలో, బడి విడిచాక తల్లిదండ్రులు పని నుంచి వచ్చేదాకా పిల్లలు ఉండడానికి ఆ భవనాన్ని బాగు చేయాలని తీర్మానించాం. పని చూసే బాధ్యత నాకు అప్పజెప్పారు. పని సగం అయింది. సగం డబ్బు మిగిలింది. ఇప్పుడు వీధి వైపు రెండు గదులను అంగళ్లకు బాడుగకిద్దామనే ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన చేసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, నాకు కావలసినవాళ్లే. వాళ్ల ఎదుటే మాట్లాడుదామని వచ్చాను.

ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

2006లో నేను ఆ పాత బడిలోనే పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఐదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పను. నోటి లెక్కల్లో నాకంటే ముందుండేవాడు. వాళ్లమ్మ మూడిళ్లలో పాచిపని చేసేది, తండ్రి లేడు. సాయంత్రం బడి విడిచాక ఆ అబ్బాయి ఇంటికి పోకుండా అరుగు మీద కూర్చునేవాడు. ఇంటికి తాళం, తాళం చెవి వాళ్లమ్మ కొంగున. నాలుగైదు రోజులు చూశాను. బడి వేళ దాటాక ఆవరణలో పిల్లలుంటే ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది మనమేనని పెద్ద సార్లు అంటుండేవాళ్లు. ఒకరోజు నేనే వాణ్ణి లేపి, "పో బేటా, ఇంటికి పో" అని గేటుకు తాళం వేశాను. వాడు ఎదురు చెప్పలేదు. పలకా పుస్తకం చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఇంటికి పోలేదు. వాళ్ల మేనమామకు స్కూటర్ల షెడ్డు ఉంది, అక్కడికి పోయాడు. మొదట పానాలు అందించాడు. తర్వాత చక్రాలు విప్పాడు. దసరా సెలవులు దాటాక రోజు మార్చి రోజు వచ్చాడు. సంక్రాంతి దాటాక రానేలేదు. నేను రెండుసార్లు షెడ్డుకు పోయి అడిగాను. "పంపిస్తాం సార్" అన్నారు. చేతికి నూనె అంటిన పిల్లవాడు మళ్లీ బెంచీ మీద కూర్చోవడం నా సర్వీసులో చాలా తక్కువ చూశాను.

ఆ అబ్బాయి ఇప్పుడు తండ్రి. పోయిన జూన్‌లో కూతుర్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి మా బడికి వచ్చాడు. నన్ను చూసి సలాం చేశాడు, గేటు సంగతి ఎత్తలేదు. ఫీజులడగలేదు, పుస్తకాలడగలేదు. "ఎన్నింటికి విడుస్తారు సార్?" అన్నాడు. చెప్పాను. భార్యాభర్తలిద్దరూ పనికి పోతారట. కొంచెం సేపు నేల చూసి, "సరే సార్, చూస్తాను" అన్నాడు.

ఏం చూస్తాడు? మీరే చెప్పండి.

మొన్న మా తరగతిలో పిల్లల్ని అడిగాను, ఇంటికి పోగానే తలుపు తీసేవాళ్లు ఎంతమందికున్నారో చేతులెత్తమని. సగం చేతులు కూడా లేవలేదు. మిగతావాళ్లు ఎక్కడుంటారని విడివిడిగా అడిగితే తోపుడు బండి పక్కన, టీ కొట్టు దగ్గర, హంద్రీ ఒడ్డున, ఫోను ఉన్న స్నేహితుని ఇంట్లో అని చెప్పారు. ఒక పాప మాత్రం, "లోపల గడియ పెట్టుకొని తమ్ముణ్ణి పట్టుకొని కూర్చుంటా సార్" అంది. ఆ పాప నాలుగో తరగతి.

ఇందులో చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, మంచిదే. కానీ బడి వేళలయ్యాకా, సెలవుల్లోనూ ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో పిల్లలు సాయం చేయవచ్చని వదిలిపెట్టారు. కుటుంబమంటే అందులో తల్లిదండ్రులు, తోబుట్టువులే గాక మేనమామ, మేనత్త, చిన్నాన్న, పిన్ని కూడా వస్తారు. అంటే సాయంత్రం నాలుగు తర్వాత మేనమామ దుకాణం తలుపు చట్టం కూడా తీసే ఉంచింది. ఇక పసిపిల్లలకు అంగన్‌వాడీలున్నాయి, అవి 1975లో మొదలయ్యాయి. పనికి పోయే తల్లుల పిల్లల కోసం పాల్నా అనే శిశు సంరక్షణ పథకం ఉంది. అది ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా. ఆరేళ్లు నిండి ఏడు పడ్డ పిల్లవాడు మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం గంట కొట్టాక ఎవరి లెక్కలోకీ రాడు. సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది, నేను ఆ అబ్బాయికి గేటు వేసిన సంవత్సరమే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై అయిదు మంది బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని అందులో ఉంది. ఆ లెక్క చదివినప్పుడు నాకు ఒక్క మొహమే కనబడింది.

ఇప్పుడు భవనం సంగతికి వస్తాను.

పని మొదలుపెట్టినప్పుడు నా తెలివి ఎంతంటే, గోడలకు రంగు వేయించి, కప్పుకు సిమెంటు పూయించి, ఫ్యాన్లు తగిలిస్తే నెల రోజుల్లో అయిపోతుందనుకున్నాను. గోడలకు అడుగు నుంచి నడుము ఎత్తుదాకా తడి, తెల్లగా ఉప్పు లేచి పెచ్చులు రాలుతున్నాయి. ఇద్దరు మేస్త్రీలొచ్చి చూసి, పెచ్చులు కొట్టి మళ్లీ సిమెంటు పూస్తామన్నారు. మూడో ఆయన ముసలాయన, మన పేటలోవాడు కాదు, పక్క ఊరి నుంచి పిలిపించాం. గోడను పిడికిలితో తట్టి, గోటితో గీరి, వాసన చూసి, "సార్, గోడ సున్నానిది. మీరు దీనికి ప్లాస్టిక్కు సంచి తొడిగినారు. ఊపిరి యాడ ఆడుతుంది?" అన్నాడు.

అప్పుడు నాకు 2009 జ్ఞాపకమొచ్చింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకొచ్చాయి. గాంధీ జయంతి సెలవు, పైగా శుక్రవారం. పిల్లలు బడిలో లేరు, అల్‌హందులిల్లాహ్. మన బడిలో కిటికీల పై అంచుదాకా నీళ్లు నిలిచాయి. బురద ఎత్తడానికే రోజులు పట్టింది. రిజిస్టర్లు పోయాయి, గోడలు నిలిచాయి. ఆ మరుసటి ఏడు మనమే చందాలు వేసుకొని, గోడలు గట్టిపడతాయని లోపలా బయటా సిమెంటు పూయించాం. ఆ చందా పుస్తకం పట్టుకొని తిరిగినవాళ్లలో నేనొకణ్ణి. సున్నపు గోడ తడిని పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తడికి బయటికి దారి ఉండదు. ఉప్పును వెంటబెట్టుకొని పైకి పాకుతుంది. వరద చేయలేని నష్టం మన మరమ్మతు చేసింది.

గనుక ఈసారి పూసిందంతా గీకించాం. ఒక వేసవి గోడల్ని ఊరికే వదిలేశాం, ఆరడానికి. ఆ రెండు నెలలు నేను పడిన మాటలు అన్నీ ఇన్నీ కావు. "సార్ పని ఆపేశాడు, డబ్బు ఏమైంది?" అని జుమా నమాజు దగ్గర అడిగినవాళ్లున్నారు. గోడ ఆరుతోందంటే నవ్వారు. తర్వాత సున్నం నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి ముసలాయన పూత వేశాడు. సున్నం తొందరపడదు. గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. ఒక పూత ఆరితేనే రెండో పూత, మధ్యలో తడుపుతుండాలి. మన ఊళ్లో అబ్దుల్ వహాబ్ ఖాన్ గుంబజ్ దాదాపు నాలుగు వందల ఏళ్లుగా హంద్రీ ఒడ్డున నిలిచి ఉన్నది సున్నంతోనే గదా. ఇది వినగానే మా కమిటీలో ఒక పెద్దాయన, "అది నవాబు పని, ఇది చందా పని" అన్నారు. నిజమే, అయినా సున్నానికి ఆ తేడా తెలియదు.

కప్పు ఇంకా పెద్ద కథ. అది పాతకాలపు మద్రాసు మిద్దె. టేకు దంతెల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేసి కొట్టిన కప్పు. కింద నుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. పిట్టగోడలో రావి మొక్క మొలిచింది, దాన్ని ప్రతి ఏడూ ఎవరో ఒకరు విరిచేస్తుంటారు, వేరు మాత్రం లోపల చేయి లావయింది. నీళ్లు పోయే తూములో పావురాల గూడు. పోవాల్సిన నీళ్లు నిలబడి, గోడలో దూరిన దంతెల కొసల్లోకి దిగాయి. మేస్త్రీ నిచ్చెన వేసుకొని ఒక్కొక్క కొసా సన్న కమ్మీతో పొడిచి చూశాడు. చాలావాటికి కమ్మీ దిగలేదు. మూడో గదిలో రెండింటికి వెన్నలో దిగినట్టు దిగింది. ఆ గదిలోనే నేను ఐదేళ్లు పాఠం చెప్పాను.

2025 జులై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోడీ అనే పల్లెలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త విన్న రోజు నేను ఆ రెండు దంతెల్ని తలుచుకొని అన్నం తినలేకపోయాను. ఆ రెండూ తీసి కొత్త టేకు వేయించాం. రావి వేరును పిట్టగోడ విప్పి తీయించి మళ్లీ కట్టించాం. తూము వెడల్పు చేయించి జాలీ పెట్టించాం. మిగిలినవి త్వరగా చెబుతాను. నేలకు బేతంచెర్ల నాపరాళ్లు వేశాం. బావి మీద ఇనుప జల్లెడ బిగించాం. పాత కరెంటు తీగలు మొత్తం తీసేసి, షాకు కొట్టబోతే తనంతట తానే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల మీట ఒకటి పెట్టించాం. పాత తలుపుల మీద రంగు పొరలు పొరలుగా ఉంది. వెనకటి ఇనామెల్ రంగుల్లో సీసం ఎక్కువ, అది పిల్లల మెదడుకు చేటు. 2017 నవంబరు నుంచి అమ్మే రంగుల్లో 90 పి.పి.ఎం. మించి ఉండగూడదని నిబంధన వచ్చింది గాని మన తలుపులు అంతకుముందువి. అందుకని పొడిగా గీకనివ్వకుండా తడిపి గీకించాం. ఆ పని చేసిన కుర్రాడు నన్ను పిచ్చివాడన్నట్టు చూశాడు, కూలి మాత్రం సరిగ్గానే తీసుకున్నాడు.

మిగిలిన పనుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి మరుగుదొడ్లు, ఆడపిల్లలకు వేరుగా. దానిమీద తగాదా ఏమీ లేదు. రెండోది వెనక సందులోకి ఇంకో ద్వారం. దీనిమీదే తగాదా. వీధి వైపు రెండు గదులు అంగళ్లకిస్తే, పిల్లలు వెనక రెండు గదుల్లో ఉంటారు, పక్క నడవాలోంచి వచ్చిపోతారు. వెనక గోడ పగలగొట్టే ఖర్చు దేనికి అంటున్నారు. ఆ డబ్బుతో ముందు కమాను కట్టించి సంఘం పేరు, దాతల పేర్లు చెక్కించవచ్చంటున్నారు.

2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడికి నిప్పంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటశాల నిప్పు ఆకుల కప్పుకు ఎగబాకింది. పిల్లలు మేడ మీద, దిగడానికి ఇరుకు దారి. ఆ కేసు మీద 2009లో సుప్రీంకోర్టు బడులన్నీ అగ్ని భద్రత పాటించాలని తీర్పు చెప్పింది. మన దగ్గర మేడ లేదు, ఆకుల కప్పు లేదు. కానీ వీధి వైపు అంగడిలో ఏం పెడతారో మన చేతిలో ఉంటుందా? ఈరోజు బట్టలంటాడు, రేపు పరుపుల దూది నింపుతాడు, ఎల్లుండి గ్యాసు స్టవ్వులు బాగుచేస్తాడు. వెనక నలభై మంది పిల్లలు ఒక్క నడవాలో. నా మటుకు నేను, రెండో ద్వారం లేనిదే ఒక్క పిల్లవాణ్ణి కూడా అక్కడ కూర్చోబెట్టను. ఆ ద్వారం తలుపు బయటికి తెరుచుకోవాలి, పిల్లలున్నంతసేపూ దానికి తాళం ఉండగూడదు.

బాడుగ లెక్క తప్పని నేననడం లేదు. దాత రాసిచ్చిన కాగితంలో "పిల్లల చదువు నిమిత్తం" అని ఉంది. బాడుగ డబ్బుతో కాలేజీ పిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తే అదీ చదువే అని మన వకీలు సోదరుడు అన్నారు. ఆ మాటలో పస ఉంది. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ మన ఊళ్లో ఉస్మానియా కాలేజీ పెట్టకపోతే మనలో చాలామంది పై చదువు చూసేవాళ్లం కాదు. అయితే స్కాలర్‌షిప్పు అందుకునే వయసుదాకా పిల్లవాడు బడిలో మిగలాలి గదా. నా పిల్లలు ఐదుకీ ఎనిమిదికీ మధ్యనే జారిపోతున్నారు. అదీ పగలు కాదు, సాయంత్రాలు జారిపోతున్నారు.

అక్కడ ఏం జరుగుతుందని అమ్మలు అడుగుతున్నారు. ట్యూషన్ అనుకోవద్దు. పొద్దున్నుంచీ బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని మళ్లీ కూర్చోబెడితే గోడ దూకి పారిపోతారు, నేనైనా అంతే. రాగానే కాళ్లూ చేతులూ కడుక్కొని ఏదన్నా తినాలి. ఉగ్గాని అయినా సరే, బొరుగులూ శనక్కాయలూ అయినా సరే. అసర్ నమాజు చేసుకునేవాళ్లు చేసుకుంటారు. పెరట్లో ఆట. తర్వాత ఒక గంట బడిలో ఇచ్చిన పని. చీకటి పడ్డాక చాప వేసుకొని కథలు. పక్క సందులో హిందువుల పిల్లలు కూడా రావచ్చా అని ఒకాయన అడిగారు. వరదప్పుడు మన పిల్లలు వాళ్ల మిద్దెల మీద పడుకున్నారు, అది మాత్రం గుర్తుచేస్తాను.

పిల్లల్ని చూడటానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలి, జీతమిచ్చి పెట్టాలి. సవాబ్ కోసం వచ్చేవాళ్లు రంజాన్‌లో ఒకరోజు రాకపోతే మనం అడగలేం, జీతం తీసుకునేవాళ్లను అడగొచ్చు. ఏ పెద్దమనిషీ, నేనైనా సరే, మూసిన గదిలో ఒక్క పిల్లతో ఉండకూడదు. తీసుకుపోయేవాళ్లు రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో పెట్టాలి, పేరు రాసినవాళ్లకు తప్ప మేనమామకైనా పంపకూడదు. ఇది మనమీద మనకు అనుమానం ఉండి కాదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద దురాగతం జరిగిందని తెలిసి దాచినా నేరమే. ఎవరి మొహమాటమూ అడ్డు రాకుండా మొదటి రోజే కాగితం మీద రాసుకోవడం మేలు.

ఈ జీతాలు, ఫలహారం, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే కష్టమైన ప్రశ్న. మరమ్మతుకు చందా ఇవ్వడానికి అందరం ముందుకొస్తాం, కళ్లకు కనబడుతుంది గనుక. ఉగ్గానికి చందా ఎవరూ ఇవ్వరు, సాయంత్రానికి అయిపోతుంది గనుక. నా లెక్క ఒకటే. వంద కుటుంబాలు నెలనెలా ఒక పూట కూరకయ్యేంత ఇస్తే నడుస్తుంది. ఇవ్వకపోతే ఒక గది, కేవలం ఒక గది, అదీ రెండో ద్వారం పెట్టాకనే, కాగితాల దుకాణంలాంటి దానికిద్దాం. అంతదాకా దిగుతాను. అంతకు మించి దిగను.

వచ్చే ఆదివారం ఫజర్ అయ్యాక వెనక గోడకు గుర్తు పెట్టడానికి ముసలి మేస్త్రీ వస్తున్నాడు. సభ వద్దంటే ఆయనకు ఈ రాత్రే ఫోను చేసి చెప్పాలి, అంత దూరం నుంచి ఊరికే తిప్పడం బాగుండదు. అందుకని మొదట ఆ ఒక్క సంగతి తేల్చండి. భవనం తాళం చెవి ఒకటి నా దగ్గరుంది. రెండోది పిల్లల తల్లుల్లో ఎవరి దగ్గరన్నా ఉంటే బాగుంటుంది. ఎవరి దగ్గరో పరదా వెనక నుంచి వాళ్లే చెప్పాలి.

వస్సలాం.